బెంగళూరుకు రాని మోటారు కర్మాగారం
(మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవిత విశేషాలు)

బెంగళూరు నుండి మైసూరు వెళ్లే రహదారిపై బిడది అనే ఊరున్నది. అక్కడ టయోటా, కిర్లోస్కర్ సంస్థలు కలిసి నెలకొల్పిన కర్మాగారంలో 2004లో గేరుబాక్సుల తయారీ ఆరంభమైంది. సరుకులు మోసే పికప్ వాహనాలలో బిగించడానికి ఆ గేరుబాక్సులు ఓడలెక్కి విదేశాలకు సైతం పయనమయ్యాయి. ఇంజను శక్తిని చక్రానికి చేర్చే ఆ సున్నితమైన పళ్ల చక్రాలు కన్నడసీమలో తయారై పరదేశాల వాహనాలను నడిపించడం నేడు ఎవరికీ వింతగా తోచదు.

అయితే అందుకు 64 ఏళ్లకు పూర్వమే, మోటారు పరిశ్రమను బెంగళూరులో నెలకొల్పాలని ఎనభైకి చేరువైన వయసులో ఊరూరా తిరిగి, ప్రభుత్వాల తలుపులు తట్టి, చివరికి భంగపడిన తెలుగింటి వృద్ధుడొకరున్నారు. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆనకట్టల నిర్మాతగా, మైసూరు దివానుగా ఆయనను ఎరుగని వారు అరుదు. మోటారు కోసం ఆయన పడిన పాట్లు మాత్రం ఎక్కువమందికి తెలియవు. సరిహద్దు గ్రామాల నుండి బెంగళూరు మెకానిక్ షెడ్లకు బిడ్డలను పంపుతున్న తల్లిదండ్రులు ఆ కథ తప్పక తెలుసుకోవాలి.

నంది కొండ ఒడిలో

విశ్వేశ్వరయ్య పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామానికి చెందినవారు. కొన్ని తరాల క్రితమే ఆ కుటుంబం మైసూరు రాజ్యానికి తరలివచ్చి, నంది కొండకు సమీపాన చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో స్థిరపడింది. ఊరు మారినా ఇంటిపేరు మారలేదు, ఇంట్లో పలికే తెలుగూ మారలేదు. శ్రీనివాస శాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు 1860 దశకం ఆరంభంలో సెప్టెంబరు 15న ఆయన జన్మించారు. ఆ తేదీనే నేడు దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

తండ్రి సంస్కృత పండితులు. ఆస్తిపాస్తులు స్వల్పం. బాలుని చదువు పూర్తికాకముందే తండ్రి కాలధర్మం చెందారు. మేనమామ రామయ్య గారి ఆదరణతో బెంగళూరు చేరిన ఆ విద్యార్థి, ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చిన రాబడితో సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో బి.ఏ. పట్టా పొందారు. పిమ్మట మైసూరు ప్రభుత్వ ఉపకార వేతనం లభించగా పూనా విజ్ఞాన కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించి, 1883లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులయ్యారు. మరుసటి ఏడే బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా ఉద్యోగం లభించింది.

తమంత తాము తెరుచుకొనే తలుపులు

పూనా నగరానికి నీరందించే ఖడక్‌వాస్లా జలాశయం వద్ద ఆయనకొక చిక్కు సమస్య ఎదురైంది. వర్షాకాలంలో మిగులు నీరు అలుగు మీదుగా వృథాగా పొర్లిపోయేది. వేసవిలో చూస్తే నీటికి కరవు. ఆనకట్ట ఎత్తు పెంచుదామంటే పాత కట్ట ఆ బరువును భరిస్తుందన్న నమ్మకం లేదు, ఖర్చు కూడ అపారం.

విశ్వేశ్వరయ్య కట్ట జోలికి పోలేదు. అలుగుపై ఇనుప తలుపులను అమర్చి, వాటికి ప్రతిభారాలను జోడించే విధానాన్ని రూపొందించారు. నీరు నిర్ణీత మట్టం వరకు చేరేదాకా తలుపులు మూసుకొని ఉంటాయి. ఆ మట్టం మించితే నీటి ఒత్తిడి వల్లనే తమంత తాము తెరుచుకొని మిగులును వదిలివేస్తాయి. మట్టం తగ్గగానే మరల మూసుకుంటాయి. అర్ధరాత్రి వరద వచ్చినా తలుపెత్తడానికి మనిషి పరుగెత్తనక్కరలేదు. 1903లో అమర్చిన ఈ ఏర్పాటు వల్ల జలాశయంలో దాదాపు 8 అడుగుల మేర అదనంగా నీరు నిలిచింది.

ఉన్న యంత్రాన్ని లేదా కట్టడాన్ని పడగొట్టకుండా, దాని పనితీరును లోతుగా గమనించి, సరియైన చోట సరియైన మార్పు చేసి దాని సత్తువను పెంచడమే ఇందులోని నేర్పు. ఇంజను ట్యూనింగు చేసే మంచి మేస్త్రీ చేసే పనీ అదే. ఈ తలుపులకు ఆయన పేరిట పేటెంటు లభించింది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా, జీతం తీసుకుంటూ చేసిన పనికి వేరుగా ప్రతిఫలం పుచ్చుకొనడం తగదని భావించి రాయల్టీని ఆయన నిరాకరించారు.

హైదరాబాదు నుండి మైసూరుకు

1908లో బొంబాయి కొలువు నుండి విరమించుకొని విశ్వేశ్వరయ్య విదేశీ పర్యటనలో ఉండగా, సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. నిజాము ప్రభుత్వం ఆయనను సలహాదారుగా ఆహ్వానించింది. నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరద ఉధృతిని అదుపుచేయాలన్న ఆయన సూచన ఫలితమే నేటి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు.

ఆ పని ముగియక మునుపే మైసూరు మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడయారు నుండి పిలుపు వచ్చింది. 1909 నవంబరులో మైసూరు చీఫ్ ఇంజనీరుగా, 1912లో దివానుగా ఆయన బాధ్యతలు చేపట్టారు. కావేరిపై కన్నంబాడి వద్ద 1911లో ఆరంభమైన కృష్ణరాజసాగరం ఆనకట్ట ఆయన పట్టుదలకు నిదర్శనం. శివసముద్రం జలపాతం వద్ద పుట్టిన విద్యుత్తు 1902 నుండే కోలారు బంగారు గనులకు సరఫరా అవుతుండేది. నది ఎండిన నెలల్లో ఆ విద్యుత్తు తగ్గి గనుల పని కుంటుపడేది. చిత్తూరు సీమ నుండి పనికి వెళ్లిన తెలుగు కూలీలకు ఆ గనులే జీవనాధారం. ఏడాది పొడుగునా ఒకే తీరున నీరు వదిలి విద్యుత్తును నిలకడగా ఇవ్వడమూ, మండ్య ప్రాంతపు మెట్ట భూములను తడపడమూ ఆ ఆనకట్ట ముఖ్యోద్దేశాలు.

1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరు ఇంజనీరింగు కళాశాల ఆయన హయాంలోనే వెలిశాయి. ఈ కళాశాలకే తదనంతర కాలంలో విశ్వేశ్వరయ్య పేరు పెట్టారు. ప్రభుత్వ కొలువుల్లో వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక అవకాశం కల్పించాలన్న మహారాజు విధానంతో ఆయనకు అభిప్రాయ భేదం కలిగింది. ఆ విషయంలో కాలం మహారాజు పక్షాననే నిలిచిందని చెప్పక తప్పదు. 1918లో ఆయన దివాను పదవిని వదులుకున్నారు. రాజీనామా సమర్పించడానికి ప్రభుత్వ మోటారులో వెళ్లి, తిరుగు ప్రయాణంలో సొంత మోటారులో ఇల్లు చేరారని మైసూరు సీమలో నేటికీ చెప్పుకుంటారు.

భద్రావతి నేర్పిన పాఠం

ఆయన దివానుగా ఉండగా సంకల్పించిన భద్రావతి ఇనుప కర్మాగారం 1923లో ఉత్పత్తి ఆరంభించింది. రాతిబొగ్గు దొరకని ఆ ప్రాంతంలో అడవి కట్టెను కాల్చి చేసిన బొగ్గుతో ఇనుము కరగించేవారు. ప్రపంచ విపణిలో ఇనుము ధర పడిపోయి కర్మాగారం నష్టాల పాలైంది. దానిని మూసివేయడమే మేలని పలువురు తలచారు. విశ్వేశ్వరయ్య 1923 నుండి 1929 వరకు దాని అధ్యక్ష బాధ్యత వహించి, ఖర్చు తగ్గించి, విదేశీ నిపుణుల స్థానంలో స్థానికులకు తర్ఫీదు ఇప్పించి సంస్థను నిలబెట్టారు.

ఇక్కడ ఆయనకొక సంగతి స్పష్టమైంది. ఇనుము కరగించడం మొదటి మెట్టు మాత్రమే. టన్నుల లెక్కన అమ్మే ముడి ఇనుముకు వచ్చే ధర స్వల్పం. అదే ఇనుము శుద్ధమైన ఉక్కుగా, పళ్ల చక్రంగా, ఇంజను ఇరుసుగా మారి విదేశాల నుండి తిరిగివస్తే దాని ధర ఎన్నో రెట్లు. ఆ తేడా అంతా పనితనానికి చెల్లించే మూల్యం. ఆ పనితనం మన ఊళ్లలో లేనంతకాలం మన సొమ్ము పరుల పాలు కాక తప్పదు.

మోటారే ఎందుకు?

1930 దశకంలో భారతదేశపు రోడ్లపై తిరిగిన కార్లు, లారీలు అన్నీ విదేశీ సంస్థలవే. జనరల్ మోటార్స్ సంస్థ 1928 నుండి బొంబాయిలో కార్లు బిగించేది. అయితే అక్కడ జరిగేది బిగింపు మాత్రమే. పెట్టెల్లో వచ్చిన ఇంజను, గేరుబాక్సు, ఇరుసులను చట్రంపై కూర్చి బోల్టులు బిగిస్తే బండి సిద్ధం. బోల్టు బిగించినవానికి ఆ ఇంజను ఎలా పుట్టిందో తెలిసే అవకాశమే లేదు.

విశ్వేశ్వరయ్య కోరినది బిగింపు కాదు, తయారీ. ఈ రెంటి నడుమ ఉన్న దూరం ఎంతటిదో ఒక్క గేరుబాక్సును చూస్తే బోధపడుతుంది. ఇంజను నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. చక్రం అంత వేగంగా తిరగలేదు, తిరిగినా బరువును లాగలేదు. అందుచేత నడుమ పళ్ల చక్రాలు పెట్టి వేగాన్ని తగ్గించి లాగుడు బలాన్ని పెంచుతారు. టమాటా పెట్టెలు నిండా వేసుకొని మదనపల్లె నుండి బయలుదేరిన బండి ఎత్తు ఎక్కేటప్పుడు డ్రైవరు చిన్న గేరుకు దిగేది ఇందుకే. ఆ క్షణాన బండి భారమంతా రెండు మూడు ఉక్కు పళ్లపై పడుతుంది.

ఆ పన్ను పూర్తిగా మెత్తనిదైతే అరిగిపోతుంది. పూర్తిగా గట్టిదైతే పుటుక్కున విరిగిపోతుంది. పైపొర గట్టిగా, లోపలి గుండె సాగేదిగా ఉండాలి. అందుకై పన్ను కోసిన పిమ్మట దానిని కొలిమిలో బొగ్గు ధాతువును పీల్చుకొనేలా కాల్చి, అదునెరిగి చల్లారుస్తారు. ఇంజను సిలిండరును అంగుళంలో వెయ్యోవంతు తేడా రాకుండా తొలుస్తారు. పిస్టనుకు, గోడకు నడుమ సందు ఎక్కువైతే శక్తి జారిపోతుంది, తక్కువైతే వేడికి పట్టేస్తుంది. పోత పోసేవాడు, సాగగొట్టేవాడు, లేతు పట్టేవాడు, కొలత చూసేవాడు, ఇందరి నేర్పు కలిస్తేనే ఒక మోటారు.

ఈ కారణంగానే మోటారు పరిశ్రమ ఒక్కటి వస్తే దాని వెంట పది పరిశ్రమలు వస్తాయని ఆయన గ్రహించారు. 1934లో వెలువడిన తన ప్రణాళికా ఆర్థిక గ్రంథంలో దేశం పదేళ్లలో సాధించవలసిన పారిశ్రామిక ప్రగతిని ఆయన వివరించారు. మరుసటి ఏడు, డెబ్బయ్యవ పడి దాటిన వయసులో, ఐరోపా, అమెరికా దేశాలకు వెళ్లి మోటారు కర్మాగారాలను స్వయంగా పరిశీలించారు. తిరిగివచ్చి 1936లో సమగ్రమైన పథకాన్ని సిద్ధం చేశారు.

బొంబాయిలో ఆశ, అవరోధం

తొలుత ఆ కర్మాగారాన్ని బొంబాయిలో నెలకొల్పాలని యత్నించారు. నౌకా వ్యాపారంలో బ్రిటిషు సంస్థలను ఎదుర్కొని నిలిచిన వాల్‌చంద్ హీరాచంద్ తోడయ్యారు. 1937లో అధికారంలోకి వచ్చిన బొంబాయి కాంగ్రెసు మంత్రివర్గం వాటాదారుల పెట్టుబడిపై వడ్డీకి హామీ ఇవ్వడానికి సుముఖత చూపింది. అంతలోనే 1939లో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ప్రజల సమ్మతి లేకుండా దేశాన్ని యుద్ధంలోకి దింపినందుకు నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. హామీ గాలిలో కలిసింది.

అయినా ప్రయత్నం ఆగలేదు. వాల్‌చంద్ అమెరికా వెళ్లి మోటారు సంస్థలతో మంతనాలు జరిపారు. ఫోర్డు సంస్థతో బేరం కుదరలేదు. చివరకు క్రైస్లర్ సంస్థ సాంకేతిక సహకారానికి అంగీకరించింది. డాడ్జి, ఫార్గో, ప్లిమత్ పేర్లతో లారీలు, కార్లు తయారుచేసే సంస్థ అది. 1940లో ఒప్పందం కుదిరింది. ఇక కర్మాగారానికి స్థలం, పెట్టుబడి, ప్రభుత్వ అనుమతి కావాలి.

విమానం వచ్చింది, మోటారు రాలేదు

విశ్వేశ్వరయ్య చూపు సహజంగానే మైసూరు రాజ్యం వైపు మరలింది. బెంగళూరులో విద్యుత్తు ఉంది. భద్రావతిలో ఇనుము ఉంది. తాను నెలకొల్పిన ఇంజనీరింగు కళాశాల ఏటేటా పట్టభద్రులను అందిస్తున్నది. నాటి దివాను మిర్జా ఇస్మాయిల్ పరిశ్రమలకు పెద్దపీట వేసే పాలకుడు. మైసూరు ప్రభుత్వం పెట్టుబడిలో పాలుపంచుకొనడానికి ముందుకు వచ్చింది.

సంస్థానమైనప్పటికీ మైసూరుకు ఇటువంటి విషయాల్లో స్వేచ్ఛ పరిమితమే. విదేశాల నుండి యంత్రాలు తెప్పించడానికి, డాలర్లు చెల్లించడానికి ఢిల్లీలోని బ్రిటిషు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఆ ప్రభుత్వం మోకాలడ్డింది. యుద్ధ ప్రయత్నానికి ఈ కర్మాగారం తక్షణం ఉపకరించదన్నది వారు చూపిన సాకు. ఆ యుద్ధకాలంలోనే వేలాది సైనిక లారీలు సముద్రాల మీదుగా ఈ దేశానికి దిగుమతి అయ్యాయన్నది గమనార్హం. పై నుండి వచ్చిన ఒత్తిడికి మైసూరు ప్రభుత్వం వెనుకకు తగ్గవలసి వచ్చింది. బెంగళూరు మోటారు కర్మాగారం కాగితాలపైనే మిగిలిపోయింది.

విధి విలాసం మరొకటున్నది. మోటారు ఒప్పందం కోసం 1939లో అమెరికా వెళ్లిన వాల్‌చంద్‌కు తిరుగు ప్రయాణంలో విమాన పరిశ్రమకు చెందిన విలియం పాలీ అనే అమెరికన్ తారసపడ్డారు. ఆ పరిచయం నుండే 1940 డిసెంబరులో బెంగళూరులో హిందుస్థాన్ విమాన కర్మాగారం పుట్టింది. మైసూరు ప్రభుత్వం అందుకు భూమిని, రూ. 25 లక్షల పెట్టుబడిని సమకూర్చింది. యుద్ధానికి విమానాలు అవసరం గనుక దానికి అనుమతి వెంటనే లభించింది. ఆకాశంలో ఎగిరే యంత్రానికి తెరుచుకున్న తలుపు, రైతు సరుకు మోసే లారీకి మూసుకుపోయింది.

పారితోషికంతో పాఠశాల

ఎనభయ్యవ ఏట కలిగిన ఈ పరాజయం ఎంతటివారినైనా కుంగదీస్తుంది. విశ్వేశ్వరయ్య కుంగలేదు. 1941లో దేశంలోని ఉత్పత్తిదారులను ఒక్కతాటిపైకి తెచ్చి అఖిల భారత ఉత్పత్తిదారుల సంస్థను స్థాపించారు. మరొక పని సద్దు చేయకుండా చేశారు.

భద్రావతిలో చేసిన సేవకుగాను మైసూరు ప్రభుత్వం నుండి తనకు రావలసిన పారితోషికాన్ని ఆయన సొంతానికి వాడుకోలేదు. ఆ ధనంతో చేతి పనులు, యంత్ర విద్యలు నేర్పే సంస్థను బెంగళూరులో నెలకొల్పాలని కోరారు. 1943లో అది ఆరంభమైంది. దానికి ఆయన పేరే పెడదామని ప్రభుత్వం తలచగా ఆయన సమ్మతించలేదని, మహారాజు జయచామరాజేంద్రుని పేరు పెట్టవలసిందిగా సూచించారని చెబుతారు. నేడు శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌గా పేరొందిన ఆ విద్యాలయం కె.ఆర్. సర్కిల్ సమీపాన ఉన్నది. ఆయనే స్థాపించిన ఇంజనీరింగు కళాశాల కూడ ఆ పరిసరాలలోనే ఉన్నది.

కళాశాల ఇంజనీర్లను ఇస్తుంది. వారు గీసిన బొమ్మను ఇనుములో దింపడానికి చేయితిరిగిన పనివారు కావాలి. కర్మాగారం రాకపోయినా, రేపు వచ్చే కర్మాగారాలకు కావలసిన చేతులను ముందే సిద్ధం చేయాలని ఆయన సంకల్పం. అనుమతి నిరాకరించే అధికారం ఢిల్లీకి ఉండవచ్చు. పల్లెటూరి కుర్రవాడు లేతు పట్టడం నేర్చుకుంటే అడ్డుపడే అధికారం ఎవరికీ లేదు.

కాలం ఇచ్చిన తీర్పు

బెంగళూరులో పొసగని మోటారు పథకాన్ని వాల్‌చంద్ బొంబాయికే మళ్లించారు. 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ ఏర్పడి, క్రైస్లర్ సహకారంతో 1947లో వాహనాలను వెలువరించింది. ఆ సంస్థ డాడ్జి, ఫార్గో లారీలు దశాబ్దాలపాటు మన రోడ్లపై తిరిగాయి. పెట్రోలు ఇంజను ఖర్చు భరించలేక వాటిలో పెర్కిన్స్ డీజిలు ఇంజన్లు వాడిన సంగతి నాటి లారీ యజమానుల కుటుంబాలకు గుర్తుండవచ్చు.

బెంగళూరుకు మోటారు రాకపోయినా మోటారుకు ప్రాణం పోసే పరిశ్రమలు ఒక్కొక్కటిగా వచ్చాయి. 1951లో ఏర్పడిన మైకో సంస్థ ఆడుగోడి కర్మాగారంలో స్పార్కు ప్లగ్గులు, డీజిలు పంపులు తయారుచేసింది. డీజిలు ఇంజనుకు ఆ పంపే గుండెకాయ. ఎంత ఇంధనం, ఏ క్షణాన సిలిండరులో పడాలో అదే నిర్ణయిస్తుంది. పంపు సెట్టింగు తప్పితే బండి నల్లని పొగ చిమ్ముతుంది, లాగుడు తగ్గుతుంది, డీజిలు మితిమీరి తాగుతుంది. 1953లో ఆరంభమైన హెచ్.ఎం.టి. జాలహళ్లిలో లేతు యంత్రాలను నిర్మించింది. యంత్రాలను తయారుచేసే యంత్రాలవి. 1964లో భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ ఏర్పడింది. ఈ సంస్థలలో ఫిట్టర్లుగా, టర్నర్లుగా చేరిన సరిహద్దు జిల్లాల తెలుగు యువకులు ఎందరో.

జె.సి. రోడ్డులో విడిభాగాల అంగళ్లు బారులు తీరాయి. పాత బండికి కొత్త గేరుబాక్సు కావాలన్నా, ఇంజను బోరు కొట్టించాలన్నా అనంతపురం, చిత్తూరు, కోలారు సీమల వారు అక్కడికే చేరుకుంటారు. ఆ రోడ్డు పేరు కూడ విశ్వేశ్వరయ్య తన విద్యాలయానికి ఎంచుకొన్న జయచామరాజేంద్రునిదే కావడం విశేషం.

తుది రోజులు

1951లో ఆయన తన ఉద్యోగ జీవిత స్మృతులను ఆంగ్లంలో గ్రంథస్థం చేశారు. 1955లో భారత ప్రభుత్వం భారతరత్న పురస్కారంతో సత్కరించింది. 1960లో ఆయన జీవించి ఉండగానే తపాలా శాఖ ఆయన చిత్రంతో స్టాంపు వెలువరించింది. వేళ తప్పని దినచర్య, మడత నలగని దుస్తులు, తలపాగా, చివరి దాకా ఆయన వీడలేదు. 1962 ఏప్రిల్‌లో నిండు జీవితాన్ని ముగించి బెంగళూరులో కన్నుమూశారు. జన్మస్థలమైన ముద్దేనహళ్లిలో ఆయన సమాధి ఉన్నది. ఆయన నివసించిన ఇల్లు స్మారకమై సందర్శకులను ఆహ్వానిస్తున్నది.

విశ్వేశ్వరయ్య కట్టిన ఆనకట్టలను చూసి మనం గర్విస్తాము. ఆయన కట్టలేకపోయిన కర్మాగారం నుండి నేర్చుకొనవలసినది అంతకన్న తక్కువేమీ కాదు. మన పల్లెల నుండి ఏటా ఎందరో పిల్లలు పదో తరగతితోనే చదువు చాలించి బెంగళూరు షెడ్లలో పానాలు పట్టుకుంటున్నారు. పాడైన భాగాన్ని ఊడదీసి కొత్తది బిగించడం వారు కొద్ది నెలల్లోనే నేర్చుకుంటారు. ఆ భాగం ఎందుకు పాడైందో, పన్ను ఎందుకు విరిగిందో, పంపు ఎందుకు తప్పిందో తెలియాలంటే కొలత తెలియాలి, లెక్క తెలియాలి, లోహపు గుణం తెలియాలి. మొదటి విద్య ఆ పూటకు కూలి ఇస్తుంది. రెండవ విద్య ఆ కుర్రవానిని మేస్త్రీని చేస్తుంది.

ఆ రెండవ విద్య కోసమే ఒక వృద్ధుడు తన కష్టార్జితాన్ని ధారపోశారు. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున, బిడ్డను షెడ్డుకు పంపాలా, మరి రెండు మూడేళ్లు పాలిటెక్నిక్‌లోనో ఐ.టి.ఐ.లోనో చదివించాలా అని తర్జనభర్జన పడే తల్లిదండ్రులు ఒక్కసారి ముద్దేనహళ్లి ఇంటిని తలచుకుంటే చాలు. తండ్రి లేని ఒక తెలుగు బాలుడు అక్కడి నుండే బెంగళూరుకు చదువు వెతుక్కుంటూ బయలుదేరాడు.